పరుగంటే నాకెందుకు ఇష్టం?



మంచం మీద ఉన్నవారి గురించి డాక్టరుగారు, మేము రోజూ మీతో మాట్లాడుతూనే ఉంటాము. ఏ మాత్ర ఎప్పుడు వేయాలి, ఉప్పు ఎంత తగ్గించాలి, మళ్ళీ ఎప్పుడు తీసుకురావాలి అన్నీ చెబుతాము. కాని మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మీ గురించి మాట్లాడే తీరిక మాకు చిక్కదు. ఈ పాఠం మీ కోసం.

వార్డులో మేము తరచుగా చూసే సంగతి ఒకటి ఉంది. పక్షవాతం వచ్చిన భర్తను తీసుకువచ్చిన ఇల్లాలికి ఒకసారి బి.పి. చూస్తే, ఒక్కోసారి ఆయనకంటే ఆమెకే ఎక్కువ ఉంటుంది. తండ్రికి సుగరు పుండు కట్టు కట్టించడానికి వచ్చిన కొడుకు తనకు సుగరు ఉందో లేదో ఎన్నడూ చూపించుకోలేదు. సేవ చేసేవారు సరిగా తినరు, నిద్రపోరు, తమ ఒంటి సంగతి పట్టించుకోరు. కొన్నేళ్ళకు వాళ్ళూ అదే వార్డుకు వస్తారు.

నడక మంచిదని మీరు చాలాసార్లు విని ఉంటారు. ఈసారి పరుగు గురించి చెబుతాను. నేను నర్సును, క్రీడాకారిణిని కాను. వయసు నలభై దాటింది. ఏ పందెంలోనూ పాల్గొనలేదు. వారానికి నాలుగు రోజులు, వెలుగు వచ్చే వేళకు, మా క్వార్టర్సు వెనుక చెరువు గట్టు మీద అరగంట నెమ్మదిగా పరిగెడతాను. ఎందుకు పరిగెడతానో, అది శరీరంలో ఏమి చేస్తుందో, మీరు మొదలుపెట్టాలంటే ఏ జాగ్రత్తలు కావాలో వరుసగా చూద్దాము.

మన జిల్లాల్లో ఎవరు పరిగెడతారు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారుజామున ఊరి బయట రోడ్డు మీదికి వెళ్తే కుర్రాళ్ళు పరిగెడుతూ కనిపిస్తారు. కొందరికి సైన్యంలో చేరాలని, కొందరికి పోలీసు కానిస్టేబులు ఉద్యోగం రావాలని ఆశ. రెండు ఎంపికల్లోనూ 1600 మీటర్ల పరుగు ఉంటుంది. ఉద్యోగం వచ్చినవాడు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాడు. రానివాడు వయసు పరిమితి దాటగానే బూట్లు అటక మీద పడేస్తాడు. మళ్ళీ అతణ్ణి మేము చూసేది పదిహేనేళ్ళ తరువాత, బి.పి.తోనో సుగరుతోనో.

ఆడవారి సంగతి చెప్పనక్కరలేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులు కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. అయినా మన ఇళ్ళలో పిల్ల పెద్దమనిషి కాగానే పరుగు మానిపిస్తాము. ఆ తరువాత ఆమె పరిగెత్తేది బస్సు కోసం, లేకపోతే వాన పడుతుంటే ఆరబోసిన ధాన్యం కోసం.

నేను మొదలుపెట్టిన కొత్తలో చెరువు గట్టు మీద ఒక పెద్దావిడ ఆపి అడిగింది: "ఓలమ్మా, సిస్టరమ్మా! ఏటైపోనాది? ఎవులికైనా బాగోలేదేటి, అలాగ పరిగెడతన్నావు?" మన దగ్గర పెద్దవాళ్ళు పరిగెత్తారంటే ఏదో ఆపద వచ్చిందనే అర్థం. ఆవిడకు ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు మీకు సరిగ్గా జవాబు చెబుతాను.

నా కారణాలు

1. మా ఇంట్లో ఉన్న జబ్బు. మా అమ్మకు సుగరు వ్యాధి. మా పెద్దమ్మకూ అదే. ఆమె కాలి వేళ్ళు రెండు తీసివేయవలసి వచ్చింది. ఆ కాలికి నెలల తరబడి నేనే కట్టు కట్టాను. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువని నర్సుగా నాకు తెలుసు. మొదట నన్ను ఇంట్లోంచి బయటికి నడిపించింది ఆ భయమే.

పరుగు ఇక్కడ ఎలా పనిచేస్తుంది? మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఆ చక్కెరను కండరాల్లోకి పంపే తాళంచెవి ఇన్సులిన్. సుగరు వ్యాధిలో ఆ తాళంచెవి సరిగా తిరగదు. కాని కండరం గట్టిగా పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. వ్యాయామం ఆపిన తరువాత కూడా ఒకటి రెండు రోజుల వరకు ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. అందుకే వారానికి ఒక్కరోజు రెండు గంటలు చేయడం కంటే రోజు విడిచి రోజు అరగంట చేయడం మేలు.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం సుగరు సరిహద్దులో ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. రోజూ అరగంట చురుకైన నడక, ఆహారంలో మార్పు పాటించినవారిలో సుగరు వ్యాధి రావడం 28 శాతానికి పైగా తగ్గింది. వారు మనలాగే అన్నం తినే మనుషులు, పరిగెత్తినవారు కూడా కారు. కాబట్టి పరుగు చేయలేనివారు నిరాశపడవద్దు. చురుకుగా నడిచినా ఈ మేలు దక్కుతుంది.

2. గుండెకు పని. "నర్సుకు వ్యాయామం ఎందుకు, రోజంతా తిరుగుతూనే ఉంటుంది కదా" అంటారు. ఎనిమిది గంటలు నిలబడితే కాళ్ళు నొప్పి పెడతాయి, గుండెకు మాత్రం పెద్దగా పని పడదు. కొంతసేపు ఆగకుండా ఊపిరి వేగం పెరిగినప్పుడే గుండె కండరం బలపడుతుంది. నాట్లు, కోతలు, మోతలు చేసేవారికి ఆ రోజుల్లో ఆ పనే వ్యాయామం. కొట్లో కూర్చునేవారు, ఆటో నడిపేవారు, టైలరింగు చేసేవారు, ఇప్పుడు మీలాగా రోగి దగ్గర రోజుల తరబడి కూర్చునేవారు వేరుగా సమయం పెట్టుకోవాలి.

ఉదయం లేవగానే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టండి. వచ్చిన సంఖ్యను రెండుతో హెచ్చించండి. నేను మొదలుపెట్టినప్పుడు నాది 82. ఏడాది తరువాత 68. అదే రక్తాన్ని గుండె తక్కువ దెబ్బలతో పంపగలుగుతోందని దాని అర్థం. ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా గుర్తుంది.

అమెరికాలో 55,000 మందికి పైగా పెద్దవారిని సుమారు 15 ఏళ్ళు గమనించిన పరిశీలన 2014లో వెలువడింది. పరిగెత్తేవారిలో గుండె జబ్బు మరణాలు 45 శాతం తక్కువగా కనిపించాయి. రోజుకు 5 నుండి 10 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తినవారిలో కూడా మేలు కనబడింది. పరిగెత్తేవారికి మిగతా మంచి అలవాట్లు కూడా ఉండవచ్చు గనుక లాభమంతా పరుగుదేనని అనలేము. అయినా కొద్దిపాటి పరుగు వృథా కాదని చెప్పడానికి ఇది చాలు.

3. మనసు బరువు. ఈ కారణం నేను ఎవరికీ పెద్దగా చెప్పలేదు. వార్డులో ఒకరు చనిపోయినప్పుడు, అందులోనూ డయాలసిస్ మీద ఉన్న చిన్న వయసువారు చనిపోయినప్పుడు, నర్సు ఏడుస్తూ కూర్చోలేదు. శరీరాన్ని శుభ్రం చేయాలి, రికార్డు రాయాలి, బంధువులకు ధైర్యం చెప్పాలి, పక్క మంచం ఇంజక్షన్ సమయానికి వేయాలి. ఆ దుఃఖం ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. మరునాడు గట్టు మీద పది నిమిషాలు పరిగెత్తాక కళ్ళలోంచి నీళ్ళు వాటంతట అవే వస్తాయి. అక్కడ ఎవరూ "ఎందుకమ్మా ఏడుస్తున్నావు" అని అడగరు. ఇంటికి వచ్చేసరికి గుండె కొంచెం తేలికపడుతుంది.

దీనికి శరీరంలో ఆధారం ఉంది. పరుగులో మెదడుకు హాయిని, నెమ్మదిని ఇచ్చే రసాయనాలను శరీరమే తయారు చేసుకుంటుంది. ఆ రాత్రి నిద్ర కూడా గాఢంగా పడుతుంది.

పంజాబులో పుట్టి లండనులో స్థిరపడిన ఫౌజా సింగ్ అనే పెద్దాయన గురించి మీలో కొందరు విని ఉంటారు. కొడుకు చనిపోయిన దుఃఖంలోంచి ఆయన పరుగులోకి వచ్చారు. 2000 సంవత్సరంలో, 89 ఏళ్ళ వయసులో, లండనులో మొదటి మారథాన్ పూర్తి చేశారు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. నూరేళ్ళ వయసులో 2011లో టొరంటోలో కూడా పరిగెత్తారు. 2025లో రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. మనకు అంత దూరం అవసరం లేదు. దుఃఖంలో ఉన్న మనిషిని కాళ్ళు కొంత దూరం మోయగలవని ఆయన జీవితం చూపిస్తుంది.

ఒక హెచ్చరిక: రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినా పరుగుతో సరిపెట్టుకోవద్దు. వెంటనే డాక్టరుగారికి చెప్పండి. అది జబ్బు, దానికి మందు ఉంది.

4. ఎవరూ పిలవని అరగంట. వార్డులో "సిస్టరూ", ఇంట్లో "అమ్మా", ఫోనులో ఇంకెవరో. మీకు కూడా అంతే. మంచినీళ్ళు, మాత్ర, బెడ్‌పాన్, అల్లం టీ అని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఈ పిలుపులకు విసుగు వచ్చిందంటే ప్రేమ తగ్గిందని కాదు, మనిషి అలసిపోయాడని. రోజులో అరగంట నేను ఎవరికీ ఏమీ కాను. తిరిగి వచ్చాక మొదటి పిలుపుకు నా జవాబు మెత్తగా ఉంటుంది. మా ఇంట్లోవాళ్ళు ఈ తేడాను నాకంటే ముందే కనిపెట్టారు. ఇప్పుడు నేను బద్ధకించి పడుకుంటే, "గట్టు మీదికి వెళ్ళిరా" అని వాళ్ళే తరుముతారు.

5. ఊరికే సంతోషం. చివరి కారణానికి వైద్యశాస్త్రం అక్కరలేదు. శీతాకాలంలో చెరువు మీద మంచు లేస్తుంది. తాటిచెట్ల వెనుక ఆకాశం ఎర్రబడుతుంది. ఎవరింట్లోనో చోడి అంబలి కాగుతున్న వాసన వస్తుంది. పాలకేన్ల సైకిలు గంట కొట్టుకుంటూ పోతుంది. మొదటి ఐదు నిమిషాలు కాళ్ళు ఇనుపగుండ్లలా ఉంటాయి, తరువాత ఊపిరి, అడుగు ఒక లయలో పడతాయి. ఆ క్షణం కోసమే మరునాడు మళ్ళీ లేస్తాను.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి?

నన్ను మొదలుపెట్టించింది భయం. ఇన్నేళ్ళు నిలబెట్టింది ఇష్టం. డాక్టరుగారు భయపెడితే మనం నెలరోజులు నడుస్తాము. రిపోర్టు బాగా రాగానే మానేస్తాము. ఆ అరగంటలో మనకు నచ్చేది ఏదో ఒకటి దొరికినప్పుడే అలవాటు నిలుస్తుంది. అది స్నేహితురాలితో కబుర్లు కావచ్చు, ఒంటరితనం కావచ్చు, ఉదయపు గాలి కావచ్చు. మీ కారణం నా కారణంలా ఉండనక్కరలేదు.

తరచుగా అడిగే ప్రశ్నలు

పరిగెడితే మోకాళ్ళు అరిగిపోవా? ఆరోగ్యం కోసం పరిగెత్తేవారిలో అలా కనబడలేదు. అనేక అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రచురించిన లెక్కల ప్రకారం, మామూలుగా పరిగెత్తేవారిలో 100 మందికి 3 లేక 4 మందికి తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల ఉంటే, కదలకుండా కూర్చునేవారిలో 10 మందికి ఉంది. పోటీల కోసం విపరీతంగా పరిగెత్తేవారిలో మాత్రం 13 మందికి ఉంది. అంటే మితంగా చేయడమే మేలు. ఇప్పటికే మోకాళ్ళు వాచినవారు, బాగా బరువు ఉన్నవారు నడకతో మొదలుపెట్టాలి.

ఆడవారు చేయవచ్చా? తప్పకుండా. నలభై దాటిన తరువాత ఎముకలు పలచబడతాయి. నేలను తాకే ప్రతి అడుగూ ఎముకకు బలం పెంచుకోమని చెప్పినట్లే. చీర కాళ్ళకు తగులుకుని పడిపోయే ప్రమాదం ఉంది. పంజాబీ డ్రెస్సు, గట్టిగా కట్టుకున్న చున్నీ, మెత్తని అడుగున్న బూట్లు చాలు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే కుక్కల భయం, లోకం మాటల భయం రెండూ తగ్గుతాయి.

ఎంత చేయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, లేదా 75 నిమిషాల పరుగు వంటి గట్టి వ్యాయామం కావాలి. 75 నిమిషాలంటే వారానికి మూడు రోజులు 25 నిమిషాల చొప్పున.

ఎలా మొదలుపెట్టాలి?

1, 2 వారాలు: రోజు విడిచి రోజు 20 నిమిషాల చురుకైన నడక.
3, 4 వారాలు: 4 నిమిషాల నడక, 1 నిమిషం పరుగు. ఇలా నాలుగుసార్లు.
5, 6 వారాలు: 3 నిమిషాల నడక, 2 నిమిషాల పరుగు. ఇలా ఐదుసార్లు.
7, 8 వారాలు: 2 నిమిషాల నడక, 3 నిమిషాల పరుగు. ఇలా ఐదుసార్లు.

పరిగెత్తేటప్పుడు పక్కవారితో ఒక వాక్యం మాట్లాడగలగాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైందని తెలుసుకుని తగ్గించండి. ఒక వారం కష్టమనిపిస్తే అదే వారాన్ని మళ్ళీ చేయండి. హైవే మీద పరిగెత్తవద్దు. మామూలు రోడ్డు మీదైతే ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన, లేతరంగు బట్టలతో వెళ్ళండి. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో పరుగు కుదరదు. రోగి నిద్రపోయినప్పుడు పక్కవారికి చెప్పి ఆవరణలో పది నిమిషాలు నడవండి.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టకూడనివారు: గుండె జబ్బు ఉన్నవారు, మెట్లు ఎక్కితే ఛాతీ బరువెక్కేవారు, బి.పి. అదుపులో లేనివారు, గర్భిణులు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు. సుగరుకు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు పరగడుపున పరిగెత్తవద్దు. జేబులో రెండు చెంచాల చక్కెర పొట్లం ఉంచుకోండి. అరికాళ్ళు తిమ్మిరెక్కినవారు, కాలికి పుండు ఉన్నవారు పరుగు జోలికి పోవద్దు.

ఉద్దానం వారికి ప్రత్యేకంగా: కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుండి వచ్చినవారు ఈ మాట శ్రద్ధగా చదవండి. అక్కడ సుగరు, బి.పి. లేనివారికి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంటే, ఉద్యోగ ఎంపిక కోసం పరిగెడుతున్న మీ అబ్బాయికి, అమ్మాయికి ముందుగా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దూరం అని వాయిదా వేయవద్దు.

ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కిడ్నీలకు హాని చేస్తాయి. చెమట పట్టి నీరు తగ్గిన ఒంట్లో ఆ హాని ఇంకా ఎక్కువ. పరుగు కోసం ముందుగానే నొప్పి మాత్ర వేసుకునే కుర్రాళ్ళు ఉన్నారు. దయచేసి మానిపించండి. నొప్పి ఉంటే విశ్రాంతి ఇవ్వండి, తగ్గకపోతే డాక్టరుగారికి చూపించండి. గట్టిగా పరిగెత్తిన తరువాత మూత్రం కాఫీ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి రావాలి.

ఎండ: ఏప్రిల్ నుండి జూన్ వరకు ఉదయం ఆరున్నరలోపే ముగించండి. తీరం దగ్గర ఉక్క వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ముందు, తరువాత నీళ్ళు గాని పలుచని మజ్జిగ గాని తాగండి. ఇంతే నీళ్ళు తాగాలని డాక్టరుగారు కొలత చెప్పిన రోగులు ఆ కొలత దాటకూడదు.

వెంటనే ఆపవలసిన లక్షణాలు: ఛాతీలో నొప్పి లేదా బరువు, ఎడమ చేయికి గాని దవడకు గాని పాకే నొప్పి, కళ్ళు తిరగడం, గుండె దడ తగ్గకపోవడం, మాట తడబడడం. కాసేపు కూర్చుంటే పోతుందిలే అనుకోవద్దు. 108కి ఫోను చేయండి.

ఇంట్లో మాట్లాడుకోండి

1. మన ఇంట్లో రోగికి సేవ చేస్తున్నది ఎవరు? వారికి బి.పి., సుగరు చూపించి ఎన్నాళ్ళైంది?
2. వారికి రోజుకు అరగంట ఖాళీ దొరకాలంటే ఆ సమయంలో రోగి దగ్గర ఎవరు కూర్చుంటారు?
3. ఒకప్పుడు పరిగెత్తి, ఆడి, ఇప్పుడు మానేసినవారు మన ఇంట్లో ఎవరు? వారికి అందులో నచ్చినది ఏమిటి?

రెండవ ప్రశ్నకు ఒక పేరు చెప్పుకున్న తరువాతే లేవండి. ఇల్లాలి అరగంటకు ఇంట్లో ఇంకొకరు అరగంట ఇవ్వాలి. లేకపోతే ఈ పాఠమంతా కాగితం మీదే ఉండిపోతుంది. ఈసారి మీవారిని చెకప్‌కు తీసుకువచ్చినప్పుడు వారి కార్డుతో పాటు మీ పేరున కూడా ఒక ఓ.పి. చీటీ రాయించుకోండి. బి.పి. చూడడానికి మాకు రెండు నిమిషాలు చాలు.